పాత కారు బ్లోయర్ 4లోనే తిరుగుతోంది, రెజిస్టర్ మార్చినా మళ్లీ కాలింది. ఏం చూడాలి?

అల్వాల్_బండి

అందరికీ నమస్తే. మా నాన్న కొన్న కారు, 2006 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ చేయించి మరీ ఉంచుకున్నాం. ఇంజిన్ బాగుంది, అమ్మే ఆలోచన లేదు.

సమస్య బ్లోయర్‌తో, అంటే ఏసీ, హీటర్ గాలిని లోపలికి తోసే ఫ్యాన్‌తో. నాబ్ 1, 2, 3 మీద పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. 4 మీద పెడితే మాత్రం తిరుగుతుంది. ఏసీ వేసినా, హీటర్ వేసినా ఇదే తీరు. మా ఏరియా మెకానిక్ ఫ్యాన్ స్పీడ్ తగ్గించే రెజిస్టర్ పోయిందని కొత్తది వేశాడు. కొన్ని వారాలు నాలుగు స్పీడ్లూ పనిచేశాయి. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. పైగా గ్లౌ బాక్స్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. ఆయన ఇంకో రెజిస్టర్ వేద్దామంటున్నాడు. ఇంకో షెడ్డులో అడిగితే స్విచ్ మార్చాలన్నారు.

వానలో అద్దం లోపలంతా మంచు పట్టేస్తోంది. అమ్మను నెలనెలా సికింద్రాబాద్‌లో హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. దారి కనపడక చాలా టెన్షన్‌గా ఉంది. ముందు ఏది చెక్ చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మౌలాలి_మీటర్

అన్నా, మీ మెకానిక్ మొదటిసారి పట్టుకున్నది సరైనదే. 4లో కరెంటు రెజిస్టర్ జోలికి పోకుండా నేరుగా మోటార్‌కు అందుతుంది. 1, 2, 3లో రెజిస్టర్‌లోని తీగ చుట్ల గుండా పోతుంది. 1లో అన్ని చుట్లూ దాటాలి, అందుకే గాలి తక్కువ. చాలా రెజిస్టర్లలో ఒక థర్మల్ ఫ్యూజ్ కూడా ఉంటుంది. వేడి హద్దు మీరితే అది తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. మూడు స్పీడ్లూ ఒక్కసారే పోయాయి కాబట్టి తెగింది అదే అయ్యుంటుంది. ఏదో ఒక్క స్పీడ్ పోయి మిగతావి తిరుగుతుంటే ఆ ఒక్క చుట్టు తెగిందనుకోవచ్చు.

కానీ కొత్త రెజిస్టర్ ఎందుకు కాలింది? ఆ జవాబు దొరక్కుండా ఇంకోటి వేస్తే అదీ కాలుతుంది. స్విచ్ మాట తర్వాత.

ఉప్పల్_హైవే

కేబిన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? దుమ్ముతో మూసుకుపోతే మోటార్ మీద లోడ్ పెరిగి కరెంటు ఎక్కువ లాగుతుంది, దాంతో రెజిస్టర్ కాలుతుంది. మెట్రో పనులు జరిగినన్నాళ్లూ మా ఉప్పల్ రోడ్డు మీద తిరిగిన బండ్లలో ఫిల్టర్ తీస్తే గుప్పెడు మట్టి రాలేది.

నాచారం_వైరింగ్

నేను ఆటో ఎలక్ట్రికల్ పనిలోనే ఉన్నాను. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉప్పల్ తమ్ముడు చెప్పినట్టు ఫిల్టర్ చూడాల్సిందే. కారణం మాత్రం వేరు. కారులో ఉండేది రెక్కల ఫ్యాన్ కాదు, డ్రమ్ములా ఉండే ఫ్యాన్. దానికి గాలి దారి మూసుకుపోతే మోటార్ మీద లోడ్ తగ్గుతుంది. వాక్యూమ్ క్లీనర్ మూతిని అరచేత్తో మూసి చూడండి, మోటార్ కీచుమని ఇంకా వేగంగా తిరుగుతుంది. గాలిని తోసే పని లేనప్పుడు దానికి కరెంటూ తక్కువే చాలు. మరి రెజిస్టర్ ఎందుకు కాలుతుంది? అది కూర్చునే చోటు చూడండి. చాలా కార్లలో బ్లోయర్ గాలి తగిలే దారిలోనే దాన్ని బిగిస్తారు. ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది. దారి మూసుకుపోతే దానికి చల్లదనం అందదు. కరెంటు పెరగకపోయినా వేడి పోయే దారి లేక థర్మల్ ఫ్యూజ్ తెగుతుంది.

రెండో కారణం దీనికి పూర్తిగా వేరు. మోటార్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లు అరిగి, ఎండిపోయి షాఫ్ట్ బిగుసుకుంటుంది. అప్పుడు మోటార్ వేగం తగ్గి కరెంటు నిజంగానే ఎక్కువ లాగుతుంది. రెజిస్టర్‌లో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లవుతుంది. కొత్త రెజిస్టర్ కొన్ని వారాలకే పోవడానికి ఇదొక్కటి చాలు.

మూడోది కప్లర్, అంటే రెజిస్టర్‌కు వైర్లు తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్. పిన్నులు వదులైతే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. మీరు చెప్పిన వాసన అక్కడిదే అని నా అనుమానం.

కాలిన రెజిస్టర్‌ను చూసి రెజిస్టర్ చెడ్డదనకండి. ఎక్కువసార్లు అది దెబ్బ తిన్నదే, దెబ్బ కొట్టింది ఇంకోటి ఉంటుంది. మోటార్ ఎంత కరెంటు లాగుతోందో కొలవకుండా ఏ పార్టూ కొనకండి. వాసన వస్తోంది కాబట్టి అప్పటిదాకా 4లో కూడా ఎక్కువసేపు నడపకండి.

టోలిచౌకి_ట్రిప్స్

ఉస్తాద్, కాలిన వాసన వస్తున్నప్పుడు ఫ్యూజ్ ఎందుకు పోలేదు? మా బండిలో బ్లోయర్ ఫ్యూజ్ తరచూ పోతుంటే తెలిసినాయన 30 ఆంప్స్‌ది వేసి పంపాడు. అంతకుముందు పసుపు రంగుది ఉండేది.

నాచారం_వైరింగ్

భయ్యా, పసుపు అంటే 20 ఆంప్స్. నీలం 15, తెలుపు 25, ఆకుపచ్చ 30. ఫ్యూజ్ బాక్స్ మూత మీద మీ బండికి ఏ నంబర్ రాసుందో అదే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది మోటార్‌ను కాదు, వైరును. 20కి సరిపడే వైరుకు 30 ఫ్యూజ్ వేస్తే, తేడా వచ్చినరోజు ఫ్యూజ్ కంటే ముందు డాష్‌బోర్డ్ వెనక వైరు కాలుతుంది. అక్కడ మంట లేస్తే మీకు కనపడదు, చెయ్యి కూడా పట్టదు. దయచేసి ఈరోజే తీసేసి అసలుది వేయండి. ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోందంటే మోటార్ బిగుసుకుపోయిందో, వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందో వెతకాలి.

ఇక వాసన వచ్చినా ఫ్యూజ్ ఎందుకు పోలేదన్న మాట. వదులు పిన్ను దగ్గర వేడి పుట్టడానికి ఫ్యూజ్ పోయేంత కరెంటు అక్కర్లేదు. మామూలు కరెంటే ఆ చిన్న చోట గంటల తరబడి పారితే ప్లాస్టిక్ కరుగుతుంది. మొత్తం కరెంటు హద్దు దాటలేదు కాబట్టి ఫ్యూజ్‌కు ఆ సంగతే తెలియదు.

టోలిచౌకి_ట్రిప్స్

ఈ సాయంత్రమే మార్పిస్తాను. ఇంకో సంగతి, మా బండి 2020 అక్టోబర్ వరదలో సీట్ల దాకా మునిగింది. సర్వీస్ చేయించాక బాగానే నడుస్తోంది, కానీ అప్పటినుంచి బ్లోయర్ మొదలయ్యేటప్పుడు కుయ్‌మంటుంది. సంబంధం ఉంటుందా?

నాచారం_వైరింగ్

ఉంటుంది. చాలా బండ్లలో బ్లోయర్ మోటార్ ఎడమవైపు, గ్లౌ బాక్స్ కింద వేలాడుతూ ఉంటుంది. నీళ్లు సీటు దాకా వస్తే దానికీ చేరతాయి. బుష్‌లో నూనె కొట్టుకుపోయి తుప్పు పడుతుంది. ఆ శబ్దమూ, మీ ఫ్యూజ్ పోవడమూ ఒకే రోగం కావచ్చు. మోటార్ దింపి చేత్తో తిప్పి చూపించండి. స్ప్రే కొట్టి సరిపెట్టకండి. కొన్నాళ్లు శబ్దం ఆగుతుంది గానీ ఆ నూనె కార్బన్ బ్రష్‌ల మీదికి పాకి దుమ్మును పట్టేస్తుంది.

అల్వాల్_బండి

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. కొలవకుండా కొననని నిర్ణయించుకున్నాను. నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది. దాంతో మోటార్ కరెంటు కొలవొచ్చా?

మౌలాలి_మీటర్

ఆగండి ఆగండి! మామూలు మల్టీమీటర్‌ను ఆంప్స్ మీద పెట్టి మోటార్ వైరులో కలపొద్దు. వాటి హద్దు సాధారణంగా 10 ఆంప్స్, అదీ కొన్ని సెకన్లే. 4లో బ్లోయర్ అంతకన్నా ఎక్కువ లాగుతుంది. మీటర్ లోపలి ఫ్యూజ్ పోతుంది. ఫ్యూజ్ లేని చవక మీటరైతే అదే కాలిపోతుంది.

కావాల్సింది క్లాంప్ మీటర్. వైరు తెంపక్కర్లేదు, దవడ లోపల ఒక్క వైరు పెడితే చాలు, రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొనేటప్పుడు డీసీ కరెంటు కొలుస్తుందా అని గట్టిగా అడగండి. చవకవాటిలో చాలా వరకు ఏసీ కరెంటు మాత్రమే కొలుస్తాయి, ఇంటి వైరింగ్‌కు తప్ప కారుకు పనికిరావు. కొలిచే ముందు వైరు పెట్టకుండా జీరో బటన్ నొక్కాలి.

మీ దగ్గరున్న మల్టీమీటర్ వోల్టేజీకి, రెజిస్టర్ చూడ్డానికి పనికొస్తుంది. రెజిస్టర్ విప్పి పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. మంచిదైతే చాలా చిన్న అంకెలు వస్తాయి. తెగితే ఓఎల్ అనో, ఎడమ చివర 1 అనో చూపిస్తుంది. ముందు మీటర్ రెండు ముల్లులూ ఒకదానికొకటి ఆనించి ఎంత వస్తుందో చూసి, దాన్ని తీసేసి లెక్కపెట్టండి. ఇంత చిన్న రెసిస్టెన్స్‌లో మీటర్ వైర్లదే పెద్ద వాటా అవుతుంది.

నాచారం_వైరింగ్

ఇంకో మాట. టెస్ట్ ల్యాంప్ పెట్టినప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే. కొన్ని కార్లలో స్విచ్ సప్లై వైపు ఉండదు, ఎర్త్ వైపు ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే సప్లై ముందు మోటార్‌కు వస్తుంది, అక్కడినుంచి రెజిస్టర్, స్విచ్ దాటి బాడీ ఎర్త్‌కు పోతుంది. అలాంటి బండిలో నాబ్ ఆఫ్‌లో ఉన్నా మోటార్ రెండు వైర్ల మీదా ల్యాంప్ వెలుగుతుంది. అది చూసి ఎర్త్ వైరులోకి కరెంటు వస్తోంది, ఎక్కడో షార్ట్ ఉంది అనుకుని డాష్‌బోర్డ్ మొత్తం విప్పినవాళ్లున్నారు. అది షార్ట్ కాదు, ఆ సర్క్యూట్ తీరే అంత.

పైగా దాంతో మనకో లాభం ఉంది. నాబ్ ఆఫ్‌లో పెట్టి మోటార్ అవతలి వైరు మీద ల్యాంప్ వెలిగిందంటే కరెంటు మోటార్ లోపలినుంచే వచ్చింది కదా. అంటే బ్రష్‌లు, చుట్ల దారి తెగలేదు. ఇవతల వెలిగి అవతల వెలగకపోతే బ్రష్‌లు అరిగి కమ్యుటేటర్‌కు, అంటే షాఫ్ట్ మీద బ్రష్‌లు ఆనే రాగి భాగానికి, అందడం లేదని అర్థం. అలాంటి మోటార్‌ను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒక్కోసారి తిరుగుతుంది. తట్టగానే తిరిగితే బాగైందని వదిలేయకండి, ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద ఆగుతుంది.

మీ బండిలో ఎటువైపు స్విచ్ ఉందో మీరే ల్యాంప్ పెట్టి తెలుసుకోండి, నేను ఊహించి చెప్పను.

తార్నాక_టీచర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా కారు యూనివర్సిటీ క్యాంపస్‌లో రోజంతా చెట్ల కిందే ఉంటుంది. నీడ కోసం పెట్టక తప్పదు. బ్లోయర్ వేస్తే టకటకమని శబ్దం వస్తుంది, స్పీడ్ పెంచితే శబ్దం కూడా వేగమవుతుంది. కుడివైపు తిరిగేటప్పుడు ఆగుతుంది. గాలి మాత్రం బాగానే వస్తోంది. ఇది మోటార్ పోయే సూచనా?

నాచారం_వైరింగ్

కంగారు పడకండి మేడమ్. వేగంతో పాటు మారే టకటక సాధారణంగా ఆకుదో, పుల్లదో. వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, బయటి గాలి అక్కడినుంచే లోపలికి వస్తుంది. నిద్రగన్నేరు, వేప ఆకులు చిన్నవి కాబట్టి జాలీలోంచి సులువుగా దిగి ఫ్యాన్ డ్రమ్ములో పడతాయి. బండి మలుపు తిరిగితే పుల్ల పక్కకు జరిగి శబ్దం ఆగుతుంది. మోటార్ దింపి డ్రమ్ము శుభ్రం చేస్తే సరిపోతుంది. చాలా బండ్లలో మూడు స్క్రూలు, ఒక కప్లర్, అంతే పని.

కానీ ఊరికే వదిలేయకండి. డ్రమ్ములో ఒకవైపు ఆకులు పేరుకుంటే బరువు ఒక పక్కకు లాగుతుంది, వణుకుడుకు బుష్‌లు తొందరగా అరుగుతాయి. ఆ జాలీ కింద నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, ఆకులు కుళ్లి అవి కూడా మూసుకుపోతాయి. అప్పుడు వాన నీళ్లు నేరుగా బ్లోయర్ మీదికి దిగుతాయి. ఎడమవైపు కార్పెట్ తడిగా ఉందేమో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

తార్నాక_టీచర్

చూశాను, కార్పెట్ కొంచెం తడిగానే ఉంది. ఏసీ నీళ్లేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ ఆదివారమే చూపిస్తాను.

మౌలాలి_మీటర్

మేడమ్, ఏసీ నీళ్లో వాన నీళ్లో తేలిగ్గా తెలుస్తుంది. ఎండరోజు ఏసీ ఆపేసి, వైపర్ల దగ్గర ఒక చెంబు నీళ్లు పోయండి. బండి కింద రెండు పక్కలా నీళ్లు కారాలి. లోపల కార్పెట్ తడిస్తే రంధ్రాలు మూసుకుపోయినట్టే. ఏసీ నీళ్లయితే ఏసీ వాడినరోజే తడి కనపడుతుంది, ఆ పైపు వేరు.

పటాన్‌చెరు_చలి

మా సమస్య దీనికి రివర్స్. బ్లోయర్ నాలుగు స్పీడ్లూ బ్రహ్మాండం, కానీ హీటర్ వేస్తే వేడి రాదు. హైదరాబాద్‌లో హీటర్ ఎందుకంటారు అందరూ. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున మా వైపు వచ్చి చూడండి, సిటీ మధ్యలో కంటే ఇక్కడ చలి బాగా ఎక్కువ. పిల్లల్ని అనంతగిరి తీసుకెళ్దామన్నా పొగమంచుకు అద్దం కనపడదు.

మౌలాలి_మీటర్

మీ బండిలో థర్మోస్టాట్ ఉందా? ఉందా అని ఎందుకు అడుగుతున్నానంటే, మన దగ్గర చాలా షెడ్డుల్లో బండి వేడెక్కిందంటే చాలు, మన ఎండలకు అది అక్కర్లేదని పీకేస్తారు. అది ఇంజిన్ సరైన వేడికి వచ్చేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వదు. సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. లేకపోతే చలిలో ఇంజిన్ ఎంతసేపటికీ వేడెక్కదు. హీటర్‌కు ప్రత్యేకంగా పొయ్యి ఏమీ ఉండదు, ఇంజిన్ వేడి కూలెంటే దానికి ఆధారం. పైగా చల్లటి ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

అది ఉంటే, ఇంజిన్ వెనక గోడలోంచి లోపలికి వెళ్లే రెండు హీటర్ పైపులు చూడండి. లీకైందని రెండింటినీ కలిపేసి బైపాస్ చేసి ఉంటారు కొందరు. పైపులు సరిగ్గా ఉంటే, ఇంజిన్ వేడెక్కాక జాగ్రత్తగా తాకండి. రెండూ వేడిగా ఉండి లోపల వేడి రాకపోతే టెంపరేచర్ నాబ్ కేబుల్ ఊడినట్టు. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే హీటర్ కోర్ మూసుకుపోయినట్టు. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తెరవకండి.

పటాన్‌చెరు_చలి

కొన్నప్పుడే తీసేసి ఉందట, మా మెకానిక్‌ను అడిగితే ఇప్పుడు చెప్పాడు. కొత్తది వేయిస్తున్నాను. థ్యాంక్స్ అన్నా.

బోయిన్‌పల్లి_సెడాన్

మాది ఆటోమేటిక్ క్లైమేట్ ఉన్న పాత సెడాన్. బ్లోయర్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే, తగ్గించినా తగ్గదు. ఇదీ రెజిస్టరేనా?

నాచారం_వైరింగ్

వాటిలో ఈ రకం రెజిస్టర్ ఉండదు, ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. అది లోపల షార్టయితే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లోనే ఉండిపోతుంది. అదీ గాలి దారిలోనే ఉంటుంది, మోటార్ బిగుసుకుంటే అదీ ఇలాగే కాలుతుంది. కాబట్టి మాడ్యూల్ వేసే ముందు మోటార్ కరెంటు చూపించండి.

అల్వాల్_బండి

కొలిచి వచ్చాను. చెప్పినవన్నీ వరుసగా చూశాను, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇంజిన్ ఆపినప్పుడు బ్యాటరీ 12.5 వోల్టులు, నడుస్తుంటే 14.1. ఫ్యూజ్ 25 ఆంప్స్, బండికి రాసి ఉన్నదే. నాబ్ ఆఫ్‌లో మోటార్ రెండు వైర్ల మీదా టెస్ట్ ల్యాంప్ వెలిగింది, అంటే మాది ఎర్త్ వైపు స్విచ్చే. అన్న ముందే చెప్పకపోతే నిజంగా షార్ట్ అనుకునేవాణ్ని. రెజిస్టర్‌లో ఓఎల్, థర్మల్ ఫ్యూజ్ తెగింది. రెజిస్టర్ కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగి ఉంది, పిన్ను లాగితే చేతికొచ్చింది. వాసన అక్కడిదే.

తమ్ముడు కొన్న డీసీ క్లాంప్ మీటర్‌తో 4లో మోటార్ కరెంటు చూశాను. మొదలవగానే ఒక్కసారి పైకి ఎగిరి, తర్వాత 18 దగ్గర నిలబడింది. ఇది ఎక్కువా తక్కువా నాకు తెలియదు.

నాచారం_వైరింగ్

చక్కగా చేశారు. ఇన్ని వివరాలు తీసుకొచ్చిన బండి ఓనర్ షెడ్డుకు వస్తే సగం పని అయిపోయినట్టే.

18 ఎక్కువో కాదో గాలిలో లెక్కేసి చెప్పడం నాకిష్టం లేదు, ఒక్కో బండి మోటార్ ఒక్కోలా ఉంటుంది. మీ మోడల్ బండే మా షెడ్డులో ఇంకోటి ఉంది, దాని బ్లోయర్ బాగుంది. ఇప్పుడే కొలిచాను. 4లో 13, 1లో 4 ఆంప్స్. మీది 4లో అయిదు ఆంప్స్ ఎక్కువ లాగుతోంది. 25 ఫ్యూజ్ ఎందుకు పోలేదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మోటార్ దింపండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి. దింపాక షాఫ్ట్‌ను చేత్తో తిప్పి వదిలేయండి. మంచి మోటార్ వదిలాక కూడా కాస్త తిరిగి ఆగుతుంది. అటూ ఇటూ ఊపి చూడండి, ఆడితే బుష్ అరిగినట్టు. బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూసేటప్పుడు మధ్యలో ఫ్యూజ్ ఉన్న వైరే వాడండి. ప్లస్, మైనస్ తారుమారైతే మోటార్ ఉల్టా తిరుగుతుంది, ఆ మాత్రానికి పాడవదు. కొత్త మోటార్ వేశాక ఇలా తారుమారైతే గాలి అటే వస్తుంది గానీ నీరసంగా వస్తుంది. కొత్త మోటార్‌కు గాలి తక్కువ అని వచ్చే కంప్లయింట్లలో ఇదొకటి, అందుకే ముందే చెబుతున్నా.

ఉప్పల్_హైవే

ఉస్తాద్, వాక్యూమ్ క్లీనర్‌తో ఇంట్లో చేసి చూశాను, మీరన్నట్టే శబ్దం పెరిగింది. ఒక సందేహం. ఎర్త్ బాగాలేకపోయినా మోటార్ ఎక్కువ లాగుతుందా?

నాచారం_వైరింగ్

లాగదు తమ్ముడూ. ఎర్త్ బాగాలేకపోతే మోటార్‌కు అందే వోల్టేజీ తగ్గుతుంది, మెల్లగా తిరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. అన్ని స్పీడ్లలో నీరసంగా ఉండి కరెంటు కూడా తక్కువుంటే ఎర్త్, స్విచ్ అనుమానించాలి. నీరసంగా ఉండి కరెంటు ఎక్కువుంటే మోటారే. ఈ రెండింటినీ విడదీసేది మీటరే, చెవి కాదు.

ఎర్త్ చూడ్డం సులువు. బ్లోయర్ 4లో నడుస్తుండగా వోల్ట్ మీటర్ ఒక ముల్లు ఎర్త్ పాయింట్ దగ్గర వైరు మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా, ఒకటి రెండు పదో వంతుల్లో రావాలి. అర వోల్టు, ఒక వోల్టు వస్తుంటే అక్కడ తుప్పో వదులో ఉంది. బ్లోయర్ ఆపి చూస్తే ఏమీ తెలియదు, కరెంటు పారుతున్నప్పుడే చూడాలి.

అల్వాల్_బండి

మోటార్ దింపాను. డ్రమ్ము నిండా ఎండిన వేపాకు, చిన్న పుల్లలు, మట్టి. ఎలుక కొరికిన ఫోమ్ ముక్కలు కూడా ఉన్నాయి, మా సెల్లార్‌లో ఎలుకల బెడద ఉంది. అదృష్టం, వైర్లు కొరకలేదు. అన్నీ శుభ్రం చేసి షాఫ్ట్ తిప్పాను. తిప్పి వదలగానే అక్కడికక్కడే ఆగిపోతోంది. అసలు జారట్లేదు. అటూ ఇటూ ఆడుతోంది కూడా. షాఫ్ట్ దగ్గర తుప్పు రంగు ఉంది. వైపర్ల కింద రంధ్రం ఒకటి పూర్తిగా మూసుకుపోయి ఉంది.

నాచారం_వైరింగ్

దొంగ దొరికాడు. నీళ్లు దిగి బుష్ తుప్పు పట్టింది, షాఫ్ట్ బిగుసుకుంది, కరెంటు పెరిగింది, ఆ వేడికి రెజిస్టరూ కప్లరూ పోయాయి. ఇప్పుడు మోటార్, రెజిస్టర్, కప్లర్ మూడూ కలిపి మార్చండి. స్విచ్ కూడా ఒకసారి విప్పి చూడండి, ఇంత కరెంటు దాని గుండానే పోయింది కాబట్టి. పిన్నులు నల్లబడకపోతే ఉంచేయండి.

రాణిగంజ్‌లో అడిగితే మూడూ దొరకాలి. మోటార్ పాతది వెంట పట్టుకెళ్లండి. డ్రమ్ము వ్యాసం, ఎత్తు, స్క్రూ రంధ్రాలు, కప్లర్ ఆకారం అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చూడ్డానికి ఒకేలా ఉండి డ్రమ్ము కొంచెం ఎత్తు ఎక్కువుంటే లోపల ఒరుసుకుంటుంది. సెకండ్ హ్యాండ్ మోటార్ మాత్రం వద్దు. అదీ మీదానిలాగే పాత బండిదే, బుష్ లోపల ఎలా ఉందో పైకి తెలియదు. గ్లౌ బాక్స్, నాబ్ లాంటివైతే సెకండ్స్‌లో తీసుకున్నా ఫర్వాలేదు.

కప్లర్ విషయంలో కచ్చితంగా ఉండండి. కరిగిన కప్లర్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేప్ చుట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ ముడి దగ్గర మళ్లీ వేడి పుడుతుంది. వైరుతో పాటు వచ్చే కొత్త కప్లర్ తెచ్చి, పాత వైరు మందానికి తగ్గకుండా చూసి, సరిగ్గా క్రింప్ చేయించి స్లీవ్ తొడగమనండి. కాలిన వైపు రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి కత్తిరించాలి.

తార్నాక_టీచర్

అల్వాల్ బండి గారూ, మీ పోస్టులు చూసి నేనూ ఆదివారం ఆగకుండా ఈరోజే షెడ్డుకు వెళ్లాను. డ్రమ్ములో నిద్రగన్నేరు కాయ ముక్క. తీసేశారు, శబ్దం పోయింది. రంధ్రాలు కూడా శుభ్రం చేశారు. షాఫ్ట్ తిప్పి చూపించమని అడిగాను, చాలాసేపు తిరిగింది. మోటార్ మార్చక్కర్లేదన్నారు.

అల్వాల్_బండి

చాలా సంతోషం మేడమ్.

మాది కూడా అయిపోయింది. మోటార్, రెజిస్టర్, కప్లర్ కొత్తవి వేశాం. స్విచ్ విప్పి చూశాం, శుభ్రంగా ఉంది, అదే ఉంచాం. మా మెకానిక్‌కు క్లాంప్ మీటర్‌లో అంకెలు చూపిస్తే ఆయనే ఆసక్తిగా అడిగి నేర్చుకున్నాడు, కప్లర్ పని చాలా శ్రద్ధగా చేశాడు. ఇప్పుడు 4లో 13, 1లో 4 ఆంప్స్. అన్న షెడ్డులో బండికి ఉన్నట్టే. అరగంట 2లో నడిపి కప్లర్ మీద చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా కూడా లేదు.

నిన్న వానలో అమ్మను తీసుకెళ్లాను. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగినా అద్దం తేటగా ఉంది. ఏసీ, కొంచెం వేడి కలిపి, బయటి గాలి మీద పెట్టాను. ఏసీ తేమను లాగేస్తుందని, లోపలి గాలే తిప్పుతుంటే మంచు పోదని మౌలాలి తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఆకులు మళ్లీ పడకుండా వైపర్ల కింద జాలీకి దోమల మెష్ అతికిద్దామనుకుంటున్నాను. చేయొచ్చా?

నాచారం_వైరింగ్

దోమల మెష్ వద్దు. అది చాలా సన్నం, ఒక్క దుమ్ము సీజన్‌కే మూసుకుపోతుంది. గాలి తగ్గితే కొత్త రెజిస్టర్‌కు మళ్లీ చల్లదనం అందదు. వేపాకు ఆగేంత, గాలి ఆడేంత కన్నాలున్న స్టీల్ జాలీ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ప్లాస్టిక్ కవర్ విప్పి దాని లోపలివైపు, గాలి లోపలికి దిగే చోట మాత్రమే కట్టండి. నీళ్లు పోయే రంధ్రాల మీదికి రానివ్వకండి, వైపర్ లింకులకు తగలకుండా చూడండి. అంచులు మడిచి కట్టకపోతే చెయ్యి కోసుకుంటుంది. ఎలుకలకూ అదే అడ్డు. వానాకాలం ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి కవర్ తీసి ఆకులు దులపండి.

అల్వాల్_బండి

అలాగే అన్నా. జాలీ కట్టాక ఫోటో పెడతాను.

టోలిచౌకి_ట్రిప్స్

20 ఫ్యూజ్ వేయించాను ఉస్తాద్. మోటార్ దింపితే షాఫ్ట్ అస్సలు తిరగలేదు. రేపు రాణిగంజ్ వెళ్తున్నా, పాత మోటార్ వెంట పట్టుకుని.